క్లియర్ నొక్కే ఇల్లు

బెంగాల్లోని రైల్వే పేట నిమ్‌పురాలో సమూయేలు ఇంటి వసారాలో గచ్చు ఒకచోట గుంటపడి ఉంటుంది. మేనల్లుడు జ్ఞానప్రకాశం ఒకే ఒక్క శనివారం తిరిగిన తిరుగుడుకి అది పడిందని ఎస్తేరమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది. వానాకాలం అందులో పిచ్చుకలు స్నానాలు చేస్తాయని కూడా చెబుతుంది. పిచ్చుకల సంగతి ఎవరి నమ్మకం వాళ్ళది గాని, గుంట మాత్రం ఉంది.

ఆ శనివారం జ్ఞానప్రకాశాన్ని కూర్చోనివ్వని వస్తువు బల్లమీద ఉంది. టిఫిన్ డబ్బా కంటే కాస్త పెద్ద పెట్టె. దాని ముఖాన అంకెలు వెలిగే చిన్న అద్దం, కింద అంకెల మీటలు, వాటి పక్కన స్టార్ట్, స్టాప్, క్లియర్ అని ఇంకో మూడు. సెలైన్ సీసా నుంచి దిగే గొట్టాన్ని దాని గాడిలో పెట్టి, నిమిషానికి ఇన్ని చుక్కలని అంకెలు నొక్కి స్టార్ట్ కొడితే, లోపలి మోటారు గొట్టాన్ని బిగించీ వదిలీ సరిగ్గా అన్ని చుక్కలే పంపుతుంది. ప్రేమ్ బజార్‌లో ఒక మేడమీది గదిలో గణపతిరావు నడిపే చిన్న కంపెనీ సరుకది. గణపతిరావు అక్కడి కాలేజీలోనే ఇంజినీరింగు చదివి, ఊరు వదలబుద్ధి కాక గేటు ముందే దుకాణం పెట్టినవాడు. పెట్టె లోపలి ప్రోగ్రాం మాత్రం అక్షరం అక్షరం ప్రకాశం రాసిందే.

సోమవారం, ఊళ్ళో కొత్తగా తెరిచిన ఒక నర్సింగ్ హోంలో, ఆ పెట్టెను మొదటిసారి మనిషి చేతికి తగిలిస్తారు. ఆ మనిషి సమూయేలు. ఆయనకు ఆ పొద్దున హెర్నియా ఆపరేషను. "మన పెట్టె, మన మనిషి, భలే కలిసొచ్చిందయ్యా" అని గణపతిరావు సంబరపడ్డాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ప్రకాశానికి అన్నం సయించలేదు. తల్లీ తండ్రీ పోయిన తనను వేలు పట్టి నడిపించిన చెయ్యి అది. ఆ చేతిలోకి సూది, సూదికి గొట్టం, గొట్టానికి తను రాసిన ప్రోగ్రాం.

"ఒరే పెకాశం, ఆపరేషను నాకా నీకా?" అన్నాడు మావయ్య, పడక కుర్చీలోంచి. "అలగ తిరిగితే నీక్కూడా హెర్నియా దిగిపోద్ది. కూకో."

"పెట్టెను పరీక్ష చేశాను గాని మావయ్యా, అన్నీ మంచి పరీక్షలే చేశాను."

"మంచియి కాక సెడ్డయి సేత్తారేటి?"

"అదే చెయ్యాలంట."

కాలేజీ లైబ్రరీలో చదివిన అమెరికా పత్రిక కథ చెప్పాడు ప్రకాశం. అక్కడొక ప్రొఫెసరు వానలో ఇంట్లో కూర్చుని, టెలిఫోను తీగ మీదుగా ఆఫీసు కంప్యూటరుతో పని చేసుకుంటున్నాడు. ఉరుములకి తీగలో గరగర పుట్టి, ఆయన నొక్కని అక్షరాలు కూడా వెళ్ళిపోతున్నాయి. ఆ చెత్తకి ప్రోగ్రాములు టపటపా కూలిపోతున్నాయి. ఇంత పేరున్న ప్రోగ్రాములు ఈ మాత్రానికే పడిపోతాయా అని ఆయన శిష్యుల చేత కావాలనే చెత్త పోయించాడు. ఏ అర్థమూ లేని, ఏ వరసా లేని అక్షరాలు. దానికి ఫజ్ అని పేరు పెట్టారు. పరీక్షకు పెట్టినవాటిలో పావు వంతుకు పైగా కూలిపోయాయి.

"రాసినవాడు తనకి తోచినట్టే నొక్కి చూసుకుంటాడు మావయ్యా. తోచనిది నొక్కేవాడు ఎప్పుడో వస్తాడు."

"ఓస్ ఇదా," అన్నాడు సమూయేలు. ఆయన రిటైరైన స్టీమింజను డ్రైవరు. ఆయన ఇంజను కూతకి పట్టాల పక్క గేదెలు ఈనేవని ఆయనే చెప్పేవాడు. "ఒడిస్సా లైన్లో ఓ టేషన్లో పిడుగులకి టెలిగ్రాపు మిసను దానికదే టకటకలాడినాది. టేషను మాస్టరు కొత్తోడు. అదేదో పైవోళ్ళ ఆర్డరనుకున్నాడు, ఉప్పు గూడ్సుని వానలో నది వొంతెన మీద ఆపించీసినాడు. ఉప్పంతా కరిగి నదిలో పడిపోనాది. మంచినీళ్ళ సేపలు సముద్రం వొచ్చేసినాదనుకోని, మూటా ముల్లే సర్దుకోని ఎదురెల్లినాయి. నా కల్లతో సూసినాను."

"మూట ఎలగుంటాది సేపకి?" అంది ఎస్తేరమ్మ, బియ్యంలో రాళ్ళేరుతూ.

"రెక్క కింద."

ప్రకాశం నవ్వలేదు. అతని బాధ వేరే ఉంది. పెట్టెకు కంప్యూటరు తగిలించే దారి లేదు, చేత్తోనే నొక్కాలి. తీరా నొక్కబోతే, కళ్ళు మూసుకున్నా సరే, వేళ్ళు తెలిసిన దారినే పోతున్నాయి. రెండంకెలు, స్టార్ట్. రెండంకెలు, స్టార్ట్. పెంపుడు గేదె సాయంత్రం ఇంటికొచ్చినట్టు వచ్చేస్తున్నాయి.

తిరిగి తిరిగి అలమర ముందు ఆగిపోయాడు. అలమర మీద హౌసీ సంచి ఉంది. రైల్వే ఇనిస్టిట్యూట్‌లో హౌసీ ఆట ఆడినన్నాళ్ళూ సంచిలోంచి చెక్కబిళ్ళ తీసి నంబరు పిలిచింది సమూయేలే. ఆయనతో పాటే సంచీ రిటైరై ఇంటికొచ్చింది. ప్రకాశం దాన్ని దింపి, బిళ్ళలన్నీ బల్లమీద కుమ్మరించి, ఒక్కో బిళ్ళకీ ఒక్కో మీట పేరు రాసిన కాగితం ముక్క అంటించడం మొదలుపెట్టాడు.

"అయ్యో, ఆట సంచిరా అది," అంది ఎస్తేరమ్మ.

"పోనీవే. మల్లీ ఆడేదెవుడు? ఆడేటోళ్ళు సగం మంది పెబువు కాడే ఆడుకుంతన్నారు," అన్నాడు సమూయేలు. ఆటనగానే ఆయనకు కుర్చీలో నడుం నిలిచింది.

పద్ధతి సులువు. సంచిలో చెయ్యి పెట్టి పిడికెడు బిళ్ళలు తీయాలి. వచ్చిన వరసలో పేర్చి, అదే వరసలో మీటలు నొక్కాలి. బిళ్ళలు సంచిలో వేసి, కుదిపి, పక్కవాళ్ళకివ్వాలి. సెలైన్‌కి బదులు ఎర్ర సిరా కలిపిన నీళ్ళ సీసాను బట్టలు తగిలించే మేకుకి వేలాడదీశారు. గొట్టం పెట్టెలోంచి దిగి బక్కెట్లో పడుతుంది.

ముగ్గురూ కూర్చున్నారు. సమూయేలు ప్రతి బిళ్ళనీ ఇనిస్టిట్యూట్ గొంతుతో పిలిచి నొక్కేవాడు. ఎస్తేరమ్మ కళ్ళజోడు సవరించుకుని, మీటకి నొప్పి పుడుతుందేమో అన్నట్టు నొక్కేది. తన వంతు కాగానే ఆమె క్లియర్ కొట్టి, అద్దం మీద సున్నా వచ్చాక, పెట్టెను అవతలికి తోసేది, గ్లాసు కడిగి అందించినట్టు. సమూయేలూ అంతే. ఆ ఇంట్లో అందరిదీ అదే తీరు, దాని వెనకా ఒక కథే ఉంది.

"ఓపాలి నా ముందు డూటీవోడు లివరు మజ్జిలో పెట్టకండా దిగిపోనాడు," అని ఆయన ఆ కథ ఆ రోజు కూడా చెప్పాడు, వెయ్యోసారి. "నాను టీ తాగొచ్చేసరికి ఇంజనుంటే కద. ఒక్కర్తే మిడ్నాపూరు ఎల్లి, కాలవ కాడ నీల్లు తాగి, సిగ్గుపడతా తిరిగొచ్చినాది. ఆనాటి మొదలు ఏ లివరు సోట ఆ లివరు పెట్టకండా నాను ఇంజను దిగింది నేదు. మనిసికి మనిసి బండి అప్పసెప్పితే, కడిగినట్టు అప్పసెప్పాల."

చీకటి పడేదాకా నొక్కారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి మళ్ళీ నొక్కారు. పెట్టె పిచ్చి అంకెలకు 'తప్పు' అని గుర్తు చూపిస్తోంది తప్ప, ఒక్క చుక్క అటూ ఇటూ కావడంలేదు. సాయంత్రం పెట్టెను తీసుకెళ్ళడానికి గణపతిరావు వస్తాడు. ఇంకెవరైనా అయితే కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళు. ప్రకాశం మాత్రం వానలో గుమ్మం దాకా వెళ్ళడం, రావడం. యార్డులో వాగన్లు ఒకదానికొకటి ఢీకొని కిటికీ అద్దాలు గలగలమన్నప్పుడల్లా పెట్టె వైపే చూడడం.

మధ్యాహ్నం కన్యకాంబ వచ్చింది. గోల్‌బజార్‌లో బట్టల కొట్టు ఆవిడది. సమూయేలు ఇంట్లో తలగడ గలీబుల దగ్గర్నుంచి పండగ కోకల దాకా ఆ కొట్టువే. వర్షంలో తడిసిన యాపిల్ పళ్ళ సంచి బల్లమీద పెట్టి, "ఏటన్నయ్యా, రేపు కోతంట గదా," అంది.

"అవును సెల్లెమ్మా. పొట్టలో ఏటేటున్నాయో రేపు తెలుస్తాది. నీ కొట్లో తీసుకున్న గుడ్డల బాకీ కూడా దొరికితే ఇచ్చేత్తాను. దా, సంచిలో సెయ్యెట్టు."

ఆవిడ సరదాపడి కూర్చుంది. పిడికిలి పెద్దది, బిళ్ళలు బాగా వచ్చాయి, అన్నీ అంకెలే. వరసగా నొక్కేసింది. ఇంతలో ఎస్తేరమ్మ వంటింట్లోంచి, "వదినా, టీలోకి పంచదార వద్దంటావా ఇంకా?" అని పిలిచింది. ఆవిడ పెట్టెను అలాగే సమూయేలు వైపు తోసేసి లేచిపోయింది. సమూయేలు అప్పటికే పిడికెడు తీసి ఉన్నాడు. పిలుస్తూ నొక్కాడు. అంకె, అంకె, అంకె, స్టార్ట్.

పెట్టె మూలిగింది. మోటారు గొట్టాన్ని పూర్తిగా వదిలేసింది. చుక్కలు కాదు, ఎర్రటి ధార బక్కెట్లోకి జర్రున దిగింది. అద్దం మీద అంకెలు కాని గీతలేవో నిలబడిపోయాయి. ప్రకాశం స్టాప్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. పెట్టె వినలేదు. ప్లగ్గు పీకేశాడు. మోటారు ఎక్కడ ఉన్నది అక్కడే చచ్చింది, ధార ఆగలేదు. చివరికి గొట్టాన్ని రెండు వేళ్ళతో మెలిపెట్టి పట్టుకున్నాడు. బక్కెట్టు అడుగంతా ఎర్రగా ఉంది.

సమూయేలు తన మోచేతి మడతను ఒకసారి చూసుకున్నాడు.

"సెల్లెమ్మ సెయ్యి పడీసరికి మిసను పేనం ఒగ్గీసినాది," అన్నాడు.

వంటింటి గుమ్మంలో టీగ్లాసుతో నిలబడ్డ కన్యకాంబ ముఖం మాడిపోయింది. "నానేటి సేసినాను? నొక్కమన్నారు, నొక్కినాను. సంవచ్చరానికొక్కపాలి వస్తే నా సెయ్యే దొరికినాదా?" గ్లాసు అక్కడే పెట్టి, గొడుగు తీసుకుని, రిక్షా పిలుచుకుని వెళ్ళిపోయింది. ఎస్తేరమ్మ మొగుణ్ణి చూసిన చూపుకి బియ్యం ఉడికేదే.

పెట్టెను తిరిగి వెలిగించారు. కన్యకాంబ నొక్కినవి గుర్తున్నంతవరకు ఎస్తేరమ్మ నొక్కింది, క్లియర్ కొట్టి తోసింది. సమూయేలు నొక్కాడు. ఏమీ కాలేదు. ప్రకాశం తనే నొక్కాడు, అటు తిప్పి, ఇటు తిప్పి. పెట్టె ఏమీ ఎరగని పెళ్ళికూతురిలా చుక్క చుక్క వదులుతోంది. ఒక్కసారి అయిందంటే మళ్ళీ అవుతుంది. ఎలా అయిందో తెలియకపోతే రేపు మావయ్య చేతికే అవుతుంది. గణపతిరావుకి ఏం చూపించాలి? బక్కెట్లో ఎర్రనీళ్ళా?

"ఆవిణ్ణే తేవాల," అన్నాడు సమూయేలు. ఈసారి వెక్కిరింత లేదు.

ప్రకాశం సైకిలెక్కాడు. గోల్‌బజార్ దాకా వాన ఎదురొచ్చింది. చేపల దుకాణాల ముందు జారి, ఒక ఆటోవాడి చేత తిట్లు తిని, కొట్టు మెట్లెక్కేసరికి పిండితే బక్కెట్టు నిండేలా ఉన్నాడు. కొట్లో ఒక బెంగాలీ కుటుంబం తెల్ల పరుపు మీద కూర్చుని కర్టెన్ల గుడ్డ చూస్తోంది. కన్యకాంబ తాను మీద తాను విప్పి పరుస్తోంది. అతణ్ణి చూసి కూడా చూడనట్టే ఉంది.

"పిన్నీ, నువ్వోసారి రావాలి. వచ్చి మళ్ళీ పాడుచెయ్యాలి."

"ఊరందరికీ సెప్పుకోడానికా, కన్యకాంబ సేతికి మిసన్లు సస్తాయని?" అని, గిరాకీ వైపు తిరిగి, "ఎఇటా దేఖున్ దీదీ, రంగ్ ఉఠ్బే నా," అని, రంగు పోదని నమ్మిస్తూ ఇంకో తాను విసిరింది. పచ్చది మీద నీలం, నీలం మీద గళ్ళది, గళ్ళదాని మీద పూలది.

ప్రకాశానికి నిలబడడం చేతకావడంలేదు. అంచున కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరికే ఉండక, తనకి తెలియకుండానే, పక్కనే ఉన్న గళ్ళ గుడ్డను అంచుకి అంచు కలిపి మడతపెట్టడం మొదలుపెట్టాడు. చేతిమీద ఛెళ్ళుమని పడింది.

"ఉండొగ్గి. గిరాకీ కూకున్నంతసేపు మడతెట్టకూడదు. మడతెడితే లెగిసెల్లిపొమ్మన్నట్టు. బేరం తెగినాక అన్నీ ఒక్కపాలే మడతెడతాం. నీకిదేం అలవాటు, ఎక్కడిదక్కడ సర్దీడం?"

ప్రకాశం తన చేతుల్ని చూసుకున్నాడు. గుడ్డ ఇంకా సగం మడతలో ఉంది. ఎక్కడిదక్కడ సర్దేయడం. పరుపు మీద గుడ్డ మీద గుడ్డ, గుడ్డ మీద గుడ్డ. ఆవిడ ఈ మధ్యాహ్నం నొక్కేసి, సర్దకుండా, టీకి లేచిపోయింది. ఆ ఇంట్లో పెట్టెను సర్దకుండా ఇచ్చింది ఆవిడ ఒక్కతే. ఆవిడ అంకెల మీద మావయ్య అంకెలు పడ్డాయి. బిళ్ళ రాకపోయినా క్లియర్ మీటను రెండ్రోజులుగా ముగ్గురూ వంతు చివర నొక్కుతూనే ఉన్నారు, అది నొక్కడమని ఒక్కరికీ తోచలేదు.

"పిన్నీ, నీ తప్పు కాదు. మా తప్పు," అని మెట్ల మీంచి దూకాడు.

"అది మీ మావయ్య సేత సెప్పించు," అని వెనకనుంచి వినబడింది.

అతను వచ్చేసరికి గణపతిరావు వసారాలో గొడుగు దులుపుతున్నాడు. ప్రకాశం ఆయన్ని పలకరించను కూడా లేదు. "మావయ్యా, పిడికెడు తియ్యి. అంకెలే నొక్కు. అత్తా, తర్వాత నువ్వు." సమూయేలు నొక్కాడు. నొక్కగానే ఆయన వేలు దానంతటదే క్లియర్ వైపు బయల్దేరింది. ప్రకాశం దాన్ని గాల్లోనే పట్టుకున్నాడు. ఎస్తేరమ్మ అంకెలు నొక్కి స్టార్ట్ కొట్టింది. పెట్టె మూలిగింది. ఎర్రటి ధార.

ప్రకాశం గొట్టం మెలిపెట్టి పట్టుకునే చెప్పాడు. "అంకెలకి లోపల ఎనిమిది గదులే ఇచ్చాను సార్, ఒక్క పిడికెడు వాటిలో పడుతుంది. క్లియర్ కొట్టకుండా నొక్కుతూ పోతే మిగతావి పక్క గదిలోకి పొంగిపోతాయి. పక్క గదిలో ఉన్నది మోటారు ఎంత వరకు వదలాలో చెప్పే లెక్క. అది చెరిగిపోతే ఇక దానికి హద్దు లేదు. ముందువాళ్ళు క్లియర్ కొట్టే ఉంటారనుకుని రాసేశాను. ఈ ఇంట్లో పెరిగినవాణ్ణి కదా."

గణపతిరావు బక్కెట్లోకి తొంగిచూశాడు. "అన్నేసి అంకెలు ఎవరు నొక్కుతారయ్యా? ముందు క్లియర్ కొట్టమని నర్సులకి చెబితే సరి."

"నర్సు రెండంకెలు నొక్కేలోపు పక్క మంచం వాడు పిలుస్తాడు. వెళ్ళిపోతుంది. ఇంకో నర్సు వచ్చి మళ్ళీ నొక్కుతుంది, ఆమెనీ ఎవరో పిలుస్తారు, అలా అంకెలు పేరుకుపోతాయి. కన్యకాంబ పిన్ని టీకి లేచినట్టే."

"డాక్టరుకి మాటిచ్చాను, ప్రకాశం. రేపు నలుగుర్ని కూడా పిలిచాడాయన. ఈ ఒక్క రోజుకి..."

"రేపు పెట్టను సార్. బాగుచేస్తాను, మళ్ళీ సంచి పెట్టి నొక్కిస్తాను. ఈసారి సర్దనివాళ్ళ చేత. అది నిలబడేదాకా ఎవరి చేతికీ పెట్టను. మీరు వేరేవాళ్ళని పెట్టుకున్నా సరే."

గణపతిరావు ముఖం గంటు పెట్టుకున్నాడు. అప్పుడు సమూయేలు కుర్చీలోంచి మెల్లగా లేచి, మంచం మీద దుప్పటి సరిచేశాడు.

"అల్లుడి మాట ఒగ్గీండి బాబూ. కుర్రోడు, బయం. మీరు ఇలగ పండుకోండి. సూది పొడవడానికి మా కాంపౌండరున్నాడు, పక్కిల్లే. మిసను నాను నొక్కుతాను. మీకేటీ అవకపోతే రేపు నాను పండుకుంటాను."

గణపతిరావు మంచాన్ని చూశాడు. ప్రకాశం మెలిపెట్టి పట్టుకున్న గొట్టాన్ని చూశాడు. గొట్టం చివర్నుంచి ఒక ఎర్ర చుక్క వేలాడుతోంది. గొడుగు తీసుకున్నాడు. "డాక్టరుకి నేనే ఏదో ఒకటి చెప్పుకుంటాను," అని మెట్లు దిగి, మళ్ళీ ఆగి, "ఆ సంచి ఆఫీసుకి కూడా తీసుకురా," అన్నాడు.

సోమవారం ఆపరేషను బాగానే జరిగింది. సమూయేలు చేతికి మామూలు గొట్టమే పెట్టారు. నర్సు బొటనవేలితో చక్రం తిప్పి, గడియారం చూస్తూ చుక్కలు సరిచేసింది. సాయంత్రం ప్రకాశం కొత్తగా రాసిన ప్రోగ్రాం ఎక్కించి పెట్టెను తెచ్చాడు. దాన్ని మంచం పక్క స్టూలు మీద పెట్టి, గొట్టం బేసిన్లోకి వదిలాడు. అప్పటికే అక్కడ కన్యకాంబ, ఒళ్ళో హౌసీ సంచి. సమూయేలు మత్తు పూర్తిగా దిగకుండానే ఆవిడకు క్షమాపణ చెప్పాడట. ఆ మాట అనడానికి ఆయనకి కత్తి కోత కంటే ఎక్కువ నొప్పి పుట్టిందని ఎస్తేరమ్మ చెబుతుంది.

నర్సు బెంగాలీ పిల్ల. ఆయన ఆ పిల్లకి పెట్టెను చూపించి, సగం హిందీలో, సగం తనకొచ్చిన బెంగాలీలో చెప్పుకుపోతున్నాడు. పెట్టె నిన్న రెక్కలొచ్చి లేచిపోయిందని, మిడ్నాపూర్‌లో కాలువ ఎర్రగా పారిందని, పోలీసులు కన్యకాంబను వెతుక్కుంటున్నారని. "దాదూ, చుప్ కొరే శోన్," అని, మాట్లాడకుండా పడుకోమని చెబుతూ, ఆ పిల్ల నవ్వుతూనే చుక్కలు చూస్తోంది.

"నాకూ ఓ పిడికెడియ్యి," అన్నాడాయన.

కన్యకాంబ సంచి పట్టింది. సూది లేని చేత్తో బిళ్ళలు తీసి, దుప్పటి మీద పేర్చుకుని, గొంతు రాకపోయినా పిలుస్తూ నొక్కాడు. అన్నీ అంకెలే. చివరిది నొక్కగానే ఆ వేలు ఒక్క క్షణం ఆగి, మెల్లగా, పక్కకి, క్లియర్ వైపు బయల్దేరింది.

ప్రకాశం దాన్ని పట్టుకున్నాడు.

"ఒగ్గరా. సర్ది ఇయ్యాల."

"వద్దు మావయ్యా. అలాగే ఉండనీ."

అలాగే పెట్టెను కన్యకాంబ వైపు తోశాడు. ఆవిడ సంచిలో చెయ్యి పెట్టింది. ప్రకాశం పిడికిట్లో ఆ ముసలి వేలు ఊరుకోక గింజుకుంటూనే ఉంది. అతను దాన్ని వదలకుండా, బేసిన్లోకి దిగే గొట్టాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ మూడు రోజుల్లో అతను కుదురుగా కూర్చోవడం అదే మొదలు.